వరదలో మునిగిన లేత్‌కి మళ్ళీ రంగు: ప్రాజెక్టు డైరీ

కార్తీక మాసం, మిషన్ ఇంటికొచ్చింది

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్ళకి ఏమైందో అందరం చూశాం. ఆ సందుల్లో రేకుల షెడ్లలో నడిచే చిన్న వర్క్‌షాపుల గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఒక లేత్ (ఇనప ముక్కని తిప్పుతూ కోసి ఆకారం తెచ్చే మిషన్), ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక వెల్డింగ్ సెట్టు, ఒక గ్రైండరు, షాపు ఆస్తంతా అంతే, అదంతా రోజుల తరబడి నీళ్ళలో నిలబడిపోయింది. నీళ్ళు తీశాక ముందు ఇల్లు కడుక్కోవాలి, బియ్యం చూసుకోవాలి, పిల్లల పుస్తకాలు ఆరబెట్టుకోవాలి, మిషన్ వైపు చూసే తీరిక ఎవరికుంటుంది? మట్టి దాని మీదే ఎండిపోయి, చిలుము పట్టి, చివరికి పాత ఇనుము కొట్టుకి కిలోల లెక్కన వెళ్ళిపోతుంది. నేను తెచ్చింది అలా వెళ్ళబోతున్న ఒక లేత్.

ఆరడుగుల బెడ్డు (కింది పొడుగు పట్టాల దిమ్మ), స్పీడు మార్చే కోన్ పుల్లీ, బ్యాక్ గేరు ఉన్న పాత రకం. పంజాబ్‌లో బటాలా అనే ఊరు ఈ లేత్‌లకి పెట్టింది పేరు, ఇదీ అక్కడ పోత పోసిందే. బెల్టు కవరు సగం దాకా నీటి గీత ఇంకా కనిపిస్తోంది, అంటే చక్ (పని ముక్కని దవడలతో పట్టేది), సాడిల్ (కోసే టూల్‌ని మోస్తూ బెడ్డు మీద జరిగే భాగం), మోటారు అన్నీ మునిగాయి. షాపు ఓనరు "తమ్ముడూ, ఇది తిరుగుతుందని నేను మాటివ్వను, ఇనుము రేటు ఇచ్చి తీసుకుపో" అన్నాడు. కాస్త కలిపే ఇచ్చాను. ఆయన పదిహేనేళ్ళు దాని మీద అన్నం తిన్నాడు, తూకం వేసి తీసుకోవడానికి మనసొప్పలేదు.

కానూరులో మా ఇంటి వెనక షెడ్డు దాకా తేవడమే ఒక పని. ఈ సైజు లేత్ ఏడెనిమిది వందల కిలోలు ఉంటుంది, బరువంతా హెడ్‌స్టాక్ (చక్‌ని తిప్పే ఎడమ వైపు పెట్టె) వైపే ఉంటుంది కాబట్టి మధ్యలో తాడు వేసి ఎత్తితే ఒక పక్కకి ఒరుగుతుంది. సాడిల్‌నీ టెయిల్‌స్టాక్‌నీ (పని ముక్క రెండో చివరకి ఆసరా ఇచ్చే భాగం) కుడివైపు చివరికి జరిపితే బ్యాలెన్స్ కొంచెం కుదురుతుంది, కానీ మనది బిగుసుకుపోయి ఉంది, జరగదు. అందుకే హెడ్‌స్టాక్‌కి దగ్గరగా బెల్టు వేసి క్రేన్‌తో లేపాం. గేటు నుంచి షెడ్డు దాకా జీఐ పైపు ముక్కలు కింద వేసి, గునపంతో తోసుకుంటూ తెచ్చాం.

ఈ డైరీ రాయడానికి కారణం ఒకటే. పోత ఇనుము వరద నీళ్ళకి చావదు. ఇలాంటి మిషన్ ఇంకా ఎవరి షెడ్డులోనైనా మూలన పడి ఉంటే, తూకానికి వేసే ముందు ఇది చదవాలని.

అదే నెల, తిప్పకండి

ఇది అన్నిటికంటే ముందు చెప్పాలి. మునిగిన లేత్ కనిపించగానే ఎవరైనా చేసేది చక్ పట్టుకుని తిప్పి చూడటం. దయచేసి తిప్పకండి. కరెంటు పెట్టడం అసలే వద్దు. ఈ పాత రకం లేత్‌లో స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) బాల్ బేరింగుల మీద కాదు, గన్‌మెటల్ బుష్‌లలో (కంచు తొడుగుల్లో) తిరుగుతుంది. బుడమేరు తెచ్చింది సన్నటి ఒండ్రు, అది ఆయిల్ రంధ్రాల్లోంచి సరాసరి బుష్ లోపలికి దిగుతుంది. అక్కడ స్పిండిల్‌కీ బుష్‌కీ మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు. ఒక్క చుట్టు తిప్పితే ఆ ఇసుక రెండిటినీ గీసేస్తుంది, అప్పుడు నిజంగానే ఖర్చు మొదలవుతుంది.

ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు టర్నర్‌గా చేసి ఇప్పుడు ఇంట్లో ఉంటున్న బాబాయ్ ఒకాయన మా వీధిలోనే ఉంటారు. సాయంత్రాలు వచ్చి స్టూలు మీద కూర్చుంటారు. మొదటి రోజే ఆయన అన్న మాట: "అబ్బాయ్, ముందు నీళ్ళతోనే కడుగు. మట్టిని నూనెతో కడిగితే ముద్దయి కూర్చుంటుంది." నిజమే, చాలామంది నేరుగా డీజిల్ పోస్తారు. ఎండిన ఒండ్రు డీజిల్‌లో కరగదు. మంచినీళ్ళ పైపు పెట్టి, పాత పళ్ళ బ్రష్షులతో మట్టిని మెత్తబరచి తీసి, వెంటనే బ్లోయరుతో ఆరబెట్టి, ఆ తర్వాత డీజిల్ కొట్టాం. ఈ మూడు పనులూ ఒక భాగానికి ఒకే పూటలో అయిపోవాలి. కడిగి రేపు చూద్దాం అంటే తెల్లారేసరికి ఎర్రగా పూస్తుంది.

విప్పే క్రమం ఇలా సాగింది: చక్ విప్పాం, మర కోయడానికి మార్చుకునే ఛేంజ్ గేర్లు తీశాం, ఏప్రాన్, సాడిల్, టెయిల్‌స్టాక్, చివరికి స్పిండిల్. ప్రతి భాగానికీ ఫోను ఫోటో, ప్రతి షిమ్‌కీ (ఎత్తు సరిచేసే పల్చటి రేకు) ఏ బుష్ కింద నుంచి వచ్చిందో రాసిన కవరు. షిమ్‌లు తారుమారైతే స్పిండిల్ ఎత్తు మారిపోతుంది, దీనికి బద్ధకించకూడదు. సాడిల్ బిగుసుకుపోయింది గానీ సుత్తి దెబ్బలు వేయలేదు. సందుల్లో డీజిల్, కాస్త ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఆయిల్ కలిపి పోసి వదిలేశాం. పూట పూటకీ ఒక చుక్క. ఒక ఆదివారం లీడ్ స్క్రూ (సాడిల్‌ని నడిపే పొడుగు మర కడ్డీ) వైపు నుంచి చెక్క దిమ్మ పెట్టి నెమ్మదిగా నొక్కితే అదే కదిలింది.

స్పిండిల్ బయటికి వచ్చాక చూస్తే బుష్‌లు బాగున్నాయి. ఓనరు వరద ముందు రోజుల్లో నూనె బాగా పోసేవాడట, ఆ నూనె పొరే కాపాడింది. ముందు బుష్ అడుగున మాత్రం బూడిద రంగు ముద్ద ఉంది, అది తిరిగి ఉంటే ఈ డైరీ వేరేలా ఉండేది.

డిసెంబరు, చిలుము

చిలుముకి ఒకే మందు లేదు, భాగాన్ని బట్టి మందు.

హ్యాండిళ్ళు, టూల్ పోస్టు, గేర్ల గార్డులు, నట్లు బోల్టులు ఇవన్నీ ఎలక్ట్రాలిసిస్‌కి. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు, లీటరుకి ఒక పెద్ద చెంచా చాకలి సోడా, పాత 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు. మైనస్ వైరు మన భాగానికి, ప్లస్ వైరు పనికిరాని ఇనప రేకుకి. తారుమారైతే మన భాగమే కరుగుతుంది. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ పెట్టకండి, నీళ్ళలోకి విషపు క్రోమియం దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, నిప్పు తగిలితే పేలుతుంది, అందుకే డ్రమ్ము షెడ్డు బయట వేపచెట్టు కింద పెట్టాను, ఛార్జరు ఆపాకే వైర్లు తీస్తాను. స్ప్రింగులు దీన్లో వేయకూడదు, హైడ్రోజన్ పీల్చుకున్న గట్టి స్టీలు తర్వాత పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం కూడా వద్దు, సోడా తినేస్తుంది.

చక్ స్క్రోలు, లీడ్ స్క్రూ లాంటి వాటికి అంత అవసరం రాలేదు. లీడ్ స్క్రూ మరల్లో మట్టి తీయడానికి బాబాయ్ చెప్పిన ఉపాయం చాలా బాగుంది: నూలు తాడుకి డీజిల్ పట్టించి మరలో ఒక చుట్టు వేసి, రెండు చివరలూ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగుతూ మర వెంటే పోవాలి. వైరు బ్రష్షుకి అందని అడుగు దాకా శుభ్రమవుతుంది. చక్ దవడలకి 1, 2, 3 అని నంబర్లు ఉంటాయి, వాటిని అదే వరసలో ఎక్కించకపోతే మూడూ మధ్యలో కలవవు.

సన్న సామాన్లకి నిమ్మ ఉప్పు. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి కొన్ని గంటలు నానబెట్టి, తీశాక సోడా నీళ్ళలో ముంచి, ఆరబెట్టి నూనె రాయాలి. రాత్రంతా మర్చిపోతే మంచి ఇనుముని కూడా కొరుకుతుంది కాబట్టి కంటి ముందు ఉన్నప్పుడే.

ఇక బెడ్డు. గ్రైండరుకి వైరు కప్పు తగిలించి అయిదు నిమిషాల్లో తళతళలాడించవచ్చని ఇద్దరు ముగ్గురు చెప్పారు. బెడ్డు మీద గ్రైండరు పెట్టకూడదు, ఎమరీ (గరుకు) పేపరు కూడా వద్దు. లేత్ కొలత అంతా ఆ రెండు పట్టాల మీదే నిలబడి ఉంది, అక్కడ అరిగింది మళ్ళీ రాదు, ఎమరీ పొడి సాడిల్ కిందికి చేరితే రోజూ అరగదీస్తూనే ఉంటుంది. ఇత్తడి రేకు ముక్కతో పై పొర గీకాం, డీజిల్ తడిపిన స్కాచ్‌బ్రైట్‌తో పొడుగునా రుద్దాం, చివర ఆయిల్ స్టోన్. నల్లటి మరకలు, సన్న గుంటలు అక్కడక్కడా ఉండిపోయాయి. వాటిని చూసి టెన్షన్ పడక్కర్లేదు. గుంట కిందికి ఉంటే సాడిల్‌కి అడ్డం కాదు, పైగా కాస్త నూనె నిలుస్తుంది. గుంట అంచున పైకి లేచిన బొడిపె ఉంటే అదే ప్రమాదం, దాన్నే స్టోన్‌తో కొట్టేయాలి.

స్టీలు స్కేలు కాదు, నిజమైన స్ట్రెయిట్ ఎడ్జ్ ఆటోనగర్‌లో ఒక షాపులో అడిగి తెచ్చి పెట్టి, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూశాం. చక్‌కి దగ్గర బెడ్డు కొంచెం అరిగింది. పని ఎక్కువ జరిగేది అక్కడే కాబట్టి ఏ పాత లేత్‌లోనైనా ఉండేదే. ఇది వరద పని కాదు.

సంక్రాంతి ముందు, మోటారు

1.5 హెచ్‌పీ, 415 వోల్టులు, మూడు ఫేజులు. మునిగిన మోటారు అనగానే వైండింగ్ పోయింది, మళ్ళీ చుట్టించాల్సిందే అంటారు. చాలాసార్లు అవసరం ఉండదు. విప్పి, వైండింగ్‌ని మంచినీళ్ళతో మెల్లగా కడిగి మట్టంతా పోగొట్టి, ఎండలో పెట్టి, తర్వాత అట్టపెట్టెలో రెండు పాత 100 వాట్ల బల్బులు వెలిగించి లోపల ఉంచాం. వేడి మరీ ఎక్కువ కాకూడదు, చేతికి కాలుతూ పట్టుకోగలిగినంత చాలు. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడితే మొదట సున్నా దగ్గరే ఉంది, ఆరే కొద్దీ పెరిగింది. ఈ వోల్టేజీ మోటారుకి 500 వోల్టుల మెగ్గర్‌తో కనీసం ఒకటిన్నర మెగాఓమ్‌లు ఉండాలని లెక్క, మనది దానికి చాలా పైకి వెళ్ళి అక్కడే నిలబడింది. అప్పుడు వైండింగ్ షాపులో ఇన్సులేటింగ్ వార్నిష్ పోయించాం. బేరింగులు మాత్రం మార్చి తీరాలి, వాటి లోపలి మట్టి పోదు. స్టార్టరు కూడా కొత్తదే, మునిగిన కాంటాక్టరుని (స్టార్టరు లోపలి స్విచ్చుని) నమ్మడం ప్రాణాలతో ఆట.

మా ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజు. అందుకే 230 వోల్టులు తీసుకుని మూడు ఫేజులు ఇచ్చే వీఎఫ్‌డీ (మోటారు స్పీడుని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవు) పెడుతున్నాను. ఇక్కడ ఒక విషయం ఉంది, ఇది తెలియక చాలామంది వీఎఫ్‌డీ కొని మోటారుకి బలం లేదని బాధపడతారు. మన దగ్గర చిన్న మోటార్లు 415 వోల్టులకి స్టార్ కనెక్షన్‌లో (మూడు చుట్ల చివరలూ ఒకే ముడిలో కలిసి) వస్తాయి. వీఎఫ్‌డీ ఇచ్చేది 230, దానికి మోటారు డెల్టాలో (మూడు చుట్లూ త్రికోణంలా కలిసి) ఉండాలి. పాత మోటార్లలో బయటికి మూడే వైర్లు వస్తాయి, స్టార్ ముడి లోపల కట్టేసి ఉంటుంది. వార్నిష్ పోయకముందే ఆ ముడి విప్పించి ఆరు వైర్లూ బయటికి తెప్పించాను. వార్నిష్ ఆరాక ఆ ముడి వెతకడం నరకం. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్యలో స్విచ్చు పెట్టకూడదు, ఆపడం ఆన్ చేయడం అన్నీ వీఎఫ్‌డీ కంట్రోలు టెర్మినళ్ళ నుంచే. అందుకే కొత్త స్టార్టరుని వీఎఫ్‌డీకి ముందు, కరెంటు వచ్చే వైపు పెట్టాను. కరెంటు పోయి వస్తే మిషన్ దానంతట అది తిరగదు.

సంక్రాంతి తర్వాత, పాత రంగు

ఇక్కడి నుంచి రంగు పని. ఇన్నాళ్ళూ రంగు గురించి ఒక్క మాట రాయలేదంటే కారణం ఉంది. సెకండ్ హ్యాండ్ మిషన్లు అమ్మే చోట మొదట జరిగేది రంగు. మట్టి మీద, నూనె మీద, పగులు మీద కూడా ఒక పచ్చటి పూత వేసేస్తారు, కొనేవాడు మెరుపు చూసి వేళ్ళతో తడుముతాడు. కొత్త రంగు ఉన్న పాత మిషన్‌ని నేను ఎక్కువ అనుమానిస్తాను. రంగు లేని చోట్లే చూడాలి: బెడ్డు, స్పిండిల్ ముక్కు, టెయిల్‌స్టాక్ క్విల్ (లోపలికీ బయటికీ జరిగే గొట్టం), గేర్ల పళ్ళు.

మనదాని మీద రంగు పొరలు పొరలుగా ఉంది. ప్రతి దసరాకీ ఆయుధ పూజ ముందు తుడిచి, చేతికి దొరికిన రంగు ఒక పూత వేయడం మన షాపుల్లో అలవాటు. పై నుంచి సిల్వరు, దాని కింద నీలం, దాని కింద మళ్ళీ సిల్వరు, ఒక ముదురు ఆకుపచ్చ. కొన్ని పొరల మధ్య పసుపు కుంకుమ మరకలు కూడా చిక్కుకుని ఉన్నాయి, వాటిని గీకేటప్పుడు చెయ్యి కాసేపు ఆగింది. నేమ్ ప్లేటు విప్పితే దాని వెనక ఎండ తగలని చోట మొట్టమొదటి రంగు దొరికింది, లేత ఆకుపచ్చ. ఏ రంగు వేయాలన్న ప్రశ్న అక్కడే తీరిపోయింది.

పాత రంగుని పొడి పేపరుతో రుద్దకండి, గ్రైండరుతో అస్సలు వద్దు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, సిందూరం రంగులో కనిపించే పాత ప్రైమరు చాలావరకు సీసపుదే. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నియమం 2016లో వచ్చింది, 2017 నవంబరు నుంచి అమలైంది, అది కూడా ఇంటి రంగులకే. ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నవాళ్ళు ఆ ధూళిని బట్టల మీద లోపలికి తీసుకెళ్తారు. రిమూవరు పూసి, ఉబ్బాక గీకుడు పట్టీతో తడిగానే తీశాను, తీసిన చెత్త కవరులో మూటగట్టాను, పని చొక్కా షెడ్డులోనే వదిలేస్తున్నాను. రిమూవరు కూడా చెడ్డదే, రబ్బరు గ్లౌజులు, తలుపులు తెరిచి పెట్టడం, రెండూ కావాలి.

రంగుతో పాటు పుట్టీ కూడా పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. చూసిన మా అబ్బాయి ఇది పగిలిపోయిందా నాన్నా అన్నాడు. పగల్లేదు. పోత పోసినప్పుడు వచ్చే గరుకుని ఫ్యాక్టరీలోనే పుట్టీతో నింపి, నున్నగా రుద్ది, దాని మీద రంగు వేస్తారు. వరద నీళ్ళు ఆ పుట్టీ వెనక్కి చేరి చిలుము లేపాయి కాబట్టి వదులైన పుట్టీ అంతా తీయాల్సిందే. గట్టిగా ఉన్నది వదిలేయవచ్చు, వేలి కణుపుతో కొడితే బోలు శబ్దం రానంత వరకు.

ఫిబ్రవరి, ప్రైమరు, పుట్టీ

పోత ఇనుము నూనె పీల్చుకుంటుంది. పైకి శుభ్రంగా కనిపించినా ముప్పై నలభై ఏళ్ళ నూనె లోపల ఉంటుంది, రంగు వేశాక అది బయటికి తన్ని చేప కళ్ళలా గుండ్రటి మచ్చలు లేపుతుంది. హీట్ గన్‌తో వేడి చేస్తే చెమట పట్టినట్టు నూనె పైకి వస్తుంది, థిన్నరుతో తడిపిన తెల్ల గుడ్డతో తుడవాలి, మళ్ళీ వేడి, మళ్ళీ తుడుపు. గుడ్డ తెల్లగా ఉండే దాకా. ఈ పని విసుగే, కానీ రంగు ఎన్నేళ్ళు నిలుస్తుందో తేలేది ఇక్కడే, పైన వేసే ఖరీదైన డబ్బాలో కాదు.

తుడిచిన పూటే ఎపాక్సీ ప్రైమరు. కృష్ణ పక్కన ఉన్న ఊరు మనది, తెల్లవారుజామున గాలిలో తడి ఎక్కువ, రాత్రి వదిలేసిన చల్లటి ఇనుము మీద పొద్దున్నే చెయ్యి పెడితే చెమ్మ తగులుతుంది. అందుకే పొద్దున తొమ్మిది దాటి, ఇనుము గదితో సమానంగా వెచ్చబడ్డాకే మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడుకల్లా ఆపేశాం.

పుట్టీ ఆటోనగర్‌లో కార్ల డెంటింగ్ పెయింటింగ్ వాళ్ళు వాడేదే, హార్డెనర్ కలిపేది. హార్డెనర్ నూటికి రెండు వంతులు. తొందరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే హార్డెనర్ రంగు తర్వాత పైకి ఊరుతుంది. ఒక్కో పూత పల్చగా, రెండు మూడు మిల్లీమీటర్లకి మించకుండా, మధ్యలో చెక్క ముక్కకి వాటర్ పేపరు చుట్టి రుద్దుకోవాలి. తడితో రుద్దితే పూర్తిగా ఆరనిచ్చాకే మరో పూత, ఈ పుట్టీ నీళ్ళు పీలుస్తుంది. అద్దంలా చేయాలన్న పట్టుదల నాకు లేదు. పోత ఇనుప మిషన్‌కి కాస్త పోత జాడ ఉంటేనే అందం అని నా అభిప్రాయం, హెడ్‌స్టాక్ ముందు వైపు మాత్రం బాగా నున్నగా తీశాను. పుట్టీ మీద మళ్ళీ ఒక పల్చటి ప్రైమరు.

శివరాత్రి తర్వాత, రంగు

మన ఊళ్ళో రంగు వేయడానికి ఇవే మంచి రోజులు. చలి పోతోంది, ఏప్రిల్ ఎండలు ఇంకా రాలేదు. ఎండలు ముదిరాక వేస్తే బ్రష్షు గీతలు సర్దుకోకముందే రంగు ఆరిపోతుంది, వానల్లో వేస్తే తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది.

సింథటిక్ ఎనామెల్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, తప్పు పట్టను. కానీ కటింగ్ ఆయిల్ రోజూ పడే చోట అది మెత్తబడి ఊడుతుంది. అందుకే హార్డెనర్ కలిపి వేసే టూ ప్యాక్ పీయూ (పాలీయురేథేన్) రంగు తీసుకున్నాను. నేమ్ ప్లేటు వెనక దొరికిన పెళ్ళని కార్ల రంగులు కలిపే షాపుకి పట్టుకెళ్తే దానికి సరిపోయేలా కలిపి ఇచ్చారు. కాళ్ళకీ చిప్ ట్రేకీ డార్క్ అడ్మిరల్టీ గ్రే, ఐఎస్ 5 అనే భారతీయ ప్రమాణాల రంగుల పట్టికలో 632 నంబరు. బూట్లు తగిలేది, నూనె కారేది అక్కడే. పైభాగం లేత రంగు ఉండటం వల్ల చక్ దగ్గర వెలుతురు బాగుంటుంది, కొత్తగా ఎక్కడైనా నూనె కారితే వెంటనే కనిపిస్తుంది. గేర్ల కవర్ల లోపలి వైపు నారింజ రంగు వేశాను, కవరు తెరిచి ఉంటే దూరం నుంచే తెలియాలని.

స్ప్రే చేయలేదు, బ్రష్షూ చిన్న రోలరూ. టూ ప్యాక్ పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, స్ప్రే చేస్తే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి జీవితాంతం ఉండే ఉబ్బసం తేగలదు. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని రోజంతా స్ప్రే చేసే కుర్రాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రుమాలు దాన్ని ఆపదు. బయటి నుంచి గొట్టంలో మంచి గాలి వచ్చే మాస్కు ఉంటేనే స్ప్రే గన్ పట్టుకోవాలి, ఆ కుర్రాళ్ళతో పని చేయించే ఓనర్లు ఇది పట్టించుకోవాలి. బ్రష్షుతో వేసినా గ్లౌజులు, తెరిచిన తలుపులు తప్పనిసరి.

మాస్కింగ్ గురించి రెండు మాటలు. బెడ్డుకి గ్రీజు రాసి పేపరు అంటించాను, ఆయిల్ రంధ్రాల్లో అగ్గిపుల్లలు చెక్కి దోపాను. రంగు గట్టిపడక ముందే టేపు లాగేయాలి, తర్వాత లాగితే అంచు పెళ్ళలుగా లేస్తుంది. రెండు పూతలు, డబ్బా మీద రాసినంత గ్యాప్ ఇచ్చి. గట్టిపడటానికి వారం వదిలేశాను, ఆ వారంలో నేమ్ ప్లేటు, త్రెడ్ ఛార్టు ఇత్తడి పలకలు తోమి, గుంట అక్షరాల్లో నల్ల ఎనామెల్ నింపి పైన తుడిచాను. ఛార్టులో ఒక్క అంకె కూడా పోలేదు, అదే పెద్ద సంతోషం.

బాబాయ్ చూసి, హెడ్‌స్టాక్ మీద చెయ్యి వేసి, "నా మొదటి మిషన్ ఈ రంగే" అన్నారు.

ఏప్రిల్, బిగింపు, కొలతలు

స్పిండిల్ మళ్ళీ బుష్‌లలో కూర్చుంది. షిమ్‌లు వాటి చోట్లలోనే, బుష్ టోపీలు సమానంగా బిగించి, చేత్తో తిప్పితే బరువుగా కానీ ఎక్కడా పట్టకుండా తిరగాలి. నూనె పోశాక మొదట తక్కువ స్పీడులో, చేత్తో బుష్ వేడి చూసుకుంటూ. గోరువెచ్చగా అయి అక్కడే ఆగింది. క్రాస్ స్లైడు (టూల్‌ని అడ్డంగా జరిపే భాగం) గన్‌మెటల్ నట్టు బాగా అరిగి ఉంది, హ్యాండిల్ పావు చుట్టు ఖాళీగా తిరిగేది, కొత్త నట్టు బాబాయ్ తెలిసిన షాపులో చేయించాం. గిబ్ పట్టీ (స్లైడు సందుని బిగించే పట్టీ) కిందా మీదా నీలం రంగు రాసి, అంటిన చోట గీకి, మళ్ళీ చూసి, ఇలా ఓపిగ్గా సరిచేసింది ఆయనే. ఆ స్క్రేపింగ్ చేసే చేతులు ఆటోనగర్‌లో తగ్గిపోతున్నాయి, పక్కన కూర్చుని చూడమని ఎవరైనా పిలిస్తే తప్పకుండా వెళ్ళండి.

తర్వాత లెవెలు. బెడ్డు మెలితిరిగి ఉంటే ఎంత మంచి లేత్ అయినా టేపరు (ఒక చివర లావు, ఒక చివర సన్నం) కోస్తుంది. ఇటుక పనికి వాడే లెవెలు సరిపోదు, మీటరుకి 0.02 మిల్లీమీటరు చూపించే మెషినిస్ట్ లెవెలు అద్దెకి తెచ్చాను. లెవెలు అయ్యాక అసలు పరీక్ష: గట్టి రాడ్డుని చక్‌లో పట్టి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, రెండు చివర్లా రెండు కాలర్లు (ఉబ్బెత్తు పట్టీలు) వదిలి, ఒకే సెట్టింగులో సన్నటి కోత వేసి మైక్రోమీటరుతో కొలవడం. మొదట బయటి చివర 0.05 మిల్లీమీటరు లావుగా వచ్చింది. టెయిల్‌స్టాక్ వైపు ముందు కాలు కింద పల్చటి షిమ్ వేసి, మళ్ళీ కోసి, మళ్ళీ కొలిచి, చివరికి 0.01 లోపలికి తెచ్చాం. చక్ దగ్గర అరుగుదల ఉన్న లేత్‌కి ఇది బాగా మంచి కొలత.

ఛేంజ్ గేర్లలో 127 పళ్ళ గేరు లేదు, వరదలో ఎటో పోయింది. ఈ లేత్ లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు మరలది, అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, దాన్ని అయిదుతో గుణిస్తే 127. ఆ గేరు లేకుండా మిల్లీమీటరు మరలు కచ్చితమైన కొలతకి రావు. పాత గేర్లు అమ్మే చోట పళ్ళ సైజు కలిపి చూసుకుంటూ వెతికితే ఒకటి దొరికింది, రంధ్రం పెద్దదిగా ఉంటే బుష్ వేయించాం. దాంతో 10 మిల్లీమీటర్ల రాడ్డు మీద 1.5 పిచ్ మర కోసి, బజారులో కొన్న ఎం10 నట్టు ఎక్కిస్తే చేత్తోనే చివరి దాకా వెళ్ళింది.

మిగిలిన పనులు: బెల్టు కవరుకి కొత్త కీలు, చక్ గార్డు, మోటారు ఎర్తు వైరు ఇంకా లావుది. లేత్ పాత ఓనరు వచ్చి చూసి వెళ్ళాడు. ఆయన పక్క షాపులో ఒక పిల్లర్ డ్రిల్లు ఇంకా మట్టితోనే ఉందట, క్విల్ బిగుసుకుపోయిందట. దాన్ని ఎవరూ తిప్పొద్దని, నేను వచ్చే దాకా పైనుంచి డీజిల్ పోస్తూ ఉండమని చెప్పి పంపాను.